చేపల సంతానము, కోళ్ల పెరుగుదల: ఒక చరిత్ర



నేటి ప్రసంగమునకు విషయము చేపయు కోడియు. వ్యాకరణము, కావ్యములు చదివి, బ్రతుకంతయు పాఠశాలలో తెలుగు చెప్పినవానికి ఈ విషయమేల యని మీరడుగవచ్చును. దానికి కారణమొకటి కలదు. అది నాకు గౌరవము తెచ్చునది కాదు. అయినను ముందుగా దానినే చెప్పెదను.

తాండూరు సమీపమున ఒక గ్రామమందు నేను ఉపాధ్యాయుడనై యున్న కాలమున, నాయొద్ద చదువుకొన్న బాలుడొకడు పెద్దవాడై, అప్పు చేసి కోళ్ల షెడ్డు వేసెను. ఒకనాటి సాయంకాలము రచ్చకట్టకడ పెద్దలు నన్నడిగిరి: "సారూ, నాటుకోడి ఆర్నెల్లయితే గాని కూరకు రాదు. ఈ ఫారం కోడి నలబై రోజులకే రెండు కిలోలు తూగుతున్నది. దీనికి సూది మందు ఏస్తరంట గద?" తెలియదను మాట నా నోట రాలేదు. "ఔను, హార్మోను సూదులే. అది తిన్న ఆడుపిల్లలు వేళకు ముందే ఈడేరుదురు" అని చెప్పితిని. పంతులు మాటకు పల్లెలో ఎంత బరువుండునో మీకు తెలియును. ఆ యూర ఆ కోడిని కొనువారు లేకపోయిరి. రెండేండ్లకు షెడ్డు మూతపడెను. అతడు నాయొద్దకు వచ్చి కోపము లేక ఒక్కటే అడిగెను: "సారూ, ఆ ముచ్చట మీరు ఏ పుస్తకంల చదివిండ్రు?"

నేను ఏ పుస్తకమునను చదువలేదు. నలుగురు అనుకొనగా విన్నదానిని శాస్త్రమువలె పలికితిని. ఆనాటి నుండి తెలిసినవారిని అడిగియు, దొరికిన గ్రంథములు చదివియు నేర్చుకొన్నదానిని నేడు మీ ముందుంచుచున్నాను.

మన ప్రాంతమునుండియే ఆరంభింతము. వికారాబాదు ప్రక్కనున్న అనంతగిరి కొండలలో మూసీనది పుట్టి తూర్పునకు పోవుచున్నది. కాగ్నానది తాండూరు మీదుగా పడమటికి పోయి భీమానదిలో కలియుచున్నది. దిక్కులు వేరైనను రెండింటి నీరును తుదకు కృష్ణనే చేరును. తొలకరి వానలకు వాగులో ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు చేప ఎదురెక్కుట మనలో చూడనివారు లేరు. కొర్రమీను మాత్రము ఎచ్చటికిని పోదు. చెరువు అంచున తుంగలో గూడు చేసికొని, గ్రుడ్లు పెట్టి, పిల్లలు గుంపుగా తిరుగునంతవరకు కావలి కాయును. కాని బొచ్చె, రోహు, మ్రిగాల యను పెద్దచేపల సంగతి వేరు. అవి చెరువులో బలిసి అయిదారు కిలోలు తూగును. ఆడుచేప కడుపు గ్రుడ్లతో నిండును. అయినను నిలువనీటిలో ఆ గ్రుడ్లను విడువవు. వానకాలము గడచిన పిమ్మట ఆ గ్రుడ్లు కడుపులోనే కరగిపోవును. అందుచేత పూర్వము ఈ చేపల పిల్లలు కావలెనన్న పాఱెడి నదులయొద్దకు పోయి, వరదలో కొట్టుకొని వచ్చు పిల్లలను వలలతో పట్టి తెచ్చుకొనవలసి యుండెను. అట్లు పట్టిన పిల్లలలో మంచిజాతివెన్నో, ఇతర చేపలను మ్రింగు దుష్టజాతివెన్నో తెలిసెడిది కాదు.

చేపలకు ఆహారము పెట్టు విద్య మనకు క్రొత్తది కాదు. తాండూరునకు వాయవ్యమున సుమారు నూరు కిలోమీటర్ల దూరమున కల్యాణము కలదు. అచ్చట ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. అందు మత్స్యవినోదమను ప్రకరణము కలదు. చేపల జాతులను, వానికి పెట్టవలసిన ఆహారములను ఆ రాజు అందు వివరించెను. మేత విషయమున మనవారికి ఇంత శ్రద్ధ యుండెను. కాని మేత తిని గ్రుడ్లు నిండిన చేప ఆ గ్రుడ్లను ఏల విడువదను ప్రశ్నకు సమాధానము దొరకుటకు ఇంకను ఎనిమిది వందల యేండ్లు పట్టెను. ఆ సమాధానమునకు త్రోవ చూపినది మొదట చేప కాదు, కోడి.

1849వ సంవత్సరమున జర్మనీ దేశమందలి గోటింగెన్ పట్టణములో బెర్థోల్డ్ అను పండితుడు ఆరు పుంజుపిల్లలపై ఒక పరీక్ష చేసెను. వృషణములు తీసివేసిన పుంజునకు జుట్టు ఎఱ్ఱబాఱదు, కూత రాదు, పోరాడు బుద్ధి పుట్టదు. ఇది లోకమెఱిగిన విషయమే. బెర్థోల్డ్ కొన్ని పుంజులకు వృషణములను వాని చోటినుండి తీసి, కడుపులోపల మఱియొక చోట నాటెను. ఆ పుంజులు మామూలు పుంజులవలెనే పెరిగి, కూసి, కొట్లాడి, పెట్టల వెంటబడెను. తరువాత వానిని కోసి చూడగా, నాటిన అవయవమునకు రక్తనాళములు క్రొత్తగా పుట్టియుండెను గాని పూర్వపు నరముల సంబంధము లేదు. కావున పుంజును పుంజుగా చేయు శక్తి నరముల ద్వారమున గాక రక్తము ద్వారమున దేహమంతయు వ్యాపించుచున్నదని అతడు నిర్ణయించెను.

ఆ మాటను లోకము అరువదేండ్లకు సమీపముగా పెడచెవిని పెట్టెను. 1902లో లండను నగరమున బేలిస్, స్టార్లింగ్ అను నిరువురు ప్రేగునుండి పుట్టి రక్తములో ప్రయాణముచేసి మఱియొక గ్రంథిని పనిచేయించు రసమును కనుగొనిరి. ఇట్టి రసములన్నిటికిని 1905లో స్టార్లింగ్ హార్మోను అని పేరు పెట్టెను. ప్రేరేపించునది యని దాని భావము. మన తెలుగులో గ్రంథిరసమని చెప్పుకొందము. ఇది దూతవంటిది. ఒకచోట పుట్టి, రక్తమార్గమున పోయి, వేఱొకచోట నున్న అవయవమునకు ఇక నీవు పని మొదలుపెట్టుమని కబురు చెప్పును.

ఈ దూతలకు యజమాని మెదడు. మెదడు క్రిందిభాగమున ఎముక గుంటలో చిన్న గింజవలె పీయూషగ్రంథి యున్నది. మెదడు బయటి ఋతువును గమనించి ఈ గ్రంథికి సంజ్ఞ చేయును. ఈ గ్రంథి బీజకోశములకు సంజ్ఞ చేయును. పక్షులలో ఆ ఋతుసంకేతము ముఖ్యముగా పగటి పొడవు. కెనడా దేశపు అల్బర్టా విశ్వవిద్యాలయమున విలియం రోవన్ అను ఆచార్యుడు 1924 శీతకాలము మొదలుకొని చిన్నపిట్టలను ఆరుబయట పంజరములలో నుంచి, సాయంకాలము తరువాత విద్యుద్దీపములు వెలిగించి, వాని పగటిని కొంచెము కొంచెముగా పొడిగించెను. గడ్డకట్టు చలిలోనే ఆ పిట్టల బీజకోశములు వసంతకాలమునందువలె పెరిగెను. తరువాత ఫ్రాన్సు దేశమున బెన్వా అను శాస్త్రజ్ఞుడు బాతులపై పరీక్షలు చేసి, కన్నులు లేకున్నను వెలుగు పుఱ్ఱెగుండా మెదడును చేరి ఈ పని చేయగలదని చూపెను. చలికాలమున ప్రొద్దు పొట్టిగా నుండునప్పుడు మన యింటి పెట్ట గ్రుడ్లు తగ్గించుట ఇందుచేతనే. గ్రుడ్లకోళ్ల షెడ్డులలో తెల్లవాఱకముందే దీపములు వెలిగించుటయు ఇందుచేతనే. అది మంత్రము కాదు, మందు కాదు. పెట్ట మెదడునకు ప్రొద్దు పొడవైనదని చెప్పుట మాత్రమే.

పావురముల విషయమును వినదగినదే. పావురము పొదిగిన పిల్లలకు తన కంఠమునందలి సంచిలో పాలవంటి పదార్థమును ఊరించి నోటికందించును. తల్లియే గాక తండ్రియు ఈ పాలు పట్టును. 1933లో అమెరికాలో ఆస్కార్ రిడిల్ అనునతడును అతని తోటివారును ఈ పాలను ఊరించు పీయూషగ్రంథిరసమును వేఱుచేసి ప్రోలాక్టిన్ అని పేరుపెట్టిరి. ఈ రసమే పెట్టకు పొదుగుడు పట్టించునది. పొదుగుడు పట్టిన పెట్టను మన యాడువారు చల్లనినీళ్లలో ముంచి వదలుట మీరు చూచియుందురు. వారికి రసము పేరు తెలియదు గాని, పొదుగుడు వదలిననే పెట్ట మరల గ్రుడ్లు పెట్టునని తెలియును.

ఇంతవరకు దూత కథ. ఇక ద్రవ్యము కథ. హుజూరునుండి చెరువుకట్ట వేయుడని హుకుం వచ్చిన మాత్రమున కట్ట లేచునా? మట్టి కావలెను, రాయి కావలెను. గ్రంథిరసము హుకుమైనచో ఆహారము మట్టియు రాయియు.

పెట్ట గ్రుడ్డు పెట్టవలసినప్పుడు దాని అండాశయపు రసము కాలేయమునకు పోయి, పచ్చసొనకు కావలసిన పదార్థమును చేయించును. ఆ రసమే ఎముకల లోపల సున్నపుపాలును నిలువచేయించును. గ్రుడ్డు పెంకునకు రాత్రివేళ సున్నము చాలనప్పుడు పెట్ట ఆ నిలువనుండి తీసికొనును. ఒక్క గ్రుడ్డు పెంకులో రెండు గ్రాములకు పైగా కాల్షియము, అనగా సున్నపు మూలధాతువు, ఉండును. మేతలో అది లేనిచో పెట్ట తన ఎముకలనే కరగించి పెంకు చేయును. పిమ్మట పెంకు పలుచబడును, కాళ్లు చచ్చుబడును, తుదకు గ్రుడ్లు నిలిచిపోవును. అందుకే గ్రుడ్లకోళ్ల మేతలో నూటికి మూడున్నర నాలుగు పాళ్లు కాల్షియము ఉండునట్లు సున్నపురాతి పొడిని, గుల్లలను కలుపుదురు. మన తాండూరు నాపరాయియు సున్నపురాయి జాతియే. నాటుపెట్ట గోడసున్నమును గీకి తినుట, నత్తగుల్లలను ఏరుకొనుట దాని చాపల్యము కాదు, అవసరము.

ఆహారపులోపము రోగమగునని లోకమునకు తెలిపినదియు కోడియే. జావాద్వీపమున బటేవియా నగరములో ఐక్‌మన్ అను డచ్చి వైద్యుడు 1890 ప్రాంతమున కోళ్లకు కాళ్లు చచ్చుబడు రోగమును చూచెను. అది మనుష్యులకు వచ్చు బెరిబెరి రోగమువంటిది. కొంతకాలము ఆసుపత్రిలో మిగిలిన తెల్లని వరియన్నము కోళ్లకు వేసిరి. క్రొత్తగా వచ్చిన వంటవాడు సైనికుల యన్నము కోళ్లకు ఈయనని నిరాకరింపగా ముడిబియ్యము వేయవలసి వచ్చెను. అంతట రోగము కుదిరెను. బియ్యపు పైపొరలో, అనగా మనము తవుడని పారవేయు దానిలో, ప్రాణాధారమైన పదార్థమున్నదని ఇట్లు తేలెను. ఇట్టి పదార్థములకు 1912లో ఫుంక్ అను శాస్త్రజ్ఞుడు పెట్టిన పేరే విటమిను. ఐక్‌మనునకు 1929లో నోబెల్ బహుమానము లభించెను.

ఈ చరిత్రలో మన తెలుగువాని పేరొకటి గొప్పగా నున్నది. ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, మద్రాసులో వైద్యము చదివి, అమెరికాకు పోయి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరెను. ఆయన నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. ఈ విటమిను లేనిచో కోడిపిల్లలు రక్తము తగ్గి, ఈకలు సరిగా రాక, పెరుగుట మానును. గర్భిణీస్త్రీలకు నేడు ప్రభుత్వ ఆసుపత్రులలో ఇచ్చు మాత్రలలో ఇనుముతోపాటు నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆ సంస్థలోనే సుబ్బారావుగారి పరిశోధనశాఖలో డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను రోగనాశక ఔషధమును కనుగొనెను. అది 1948లో వెల్లడియయ్యెను. ఆ సంవత్సరము ఆగస్టునెలలోనే సుబ్బారావుగారు దివంగతులైరి.

ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిని అదే సంస్థలో జూక్స్, స్టోక్‌స్టాడ్ అనువారు కోడిపిల్లలకు మేతగా వేసిరి. వారు వెదకుచుండినది విటమినును. కాని ఆ పిల్లలు విటమినువలన రాదగిన పెరుగుదలకంటె ఎక్కువ పెరిగెను. పిప్పిలో మిగిలిన ఔషధాంశమే అందుకు కారణమని తేలెను. 1950లో ఈ వార్త ప్రకటితమయ్యెను. నాటినుండి ప్రపంచమంతట రోగము లేని కోళ్లకును కొంచెము కొంచెముగా రోగనాశక ఔషధములను మేతలో కలుపు అలవాటు బలిసెను. ఇది మేలో కీడో తరువాత చెప్పెదను.

ఇప్పుడు మరల మన చెరువులోని రోహుచేపయొద్దకు వత్తము. దాని కడుపులో గ్రుడ్లున్నవి. అనగా మేత సరిపోయినది. మరి లోపమేమి? నదిలో వరదనీరు, ఒరవడి, చల్లదనము మొదలగునవి తగిలినప్పుడు చేప మెదడు పీయూషగ్రంథికి సంజ్ఞ చేయును. నిలువనీటిలో ఆ సంజ్ఞ పూర్ణముగా రాదు. గ్రంథిలో రసమున్నది, కడుపులో గ్రుడ్లున్నవి, నడుమ హుకుం ఆగిపోయినది. ఆ హుకుమును మనుష్యుడు తన చేతితో అందించినచో?

1930లో అర్జెంటీనా దేశపు హౌసే అను వైద్యుడు ఒక చేప పీయూషగ్రంథిని మఱియొక చిన్న చేపకెక్కించి, అది వేళకు ముందే పిల్లలను ఈనుట చూచెను. 1934 ప్రాంతమున బ్రెజిల్ దేశమున ఫాన్ ఈహరింగ్ అనునతడు నదిచేపలపై ఈ పద్ధతిని ప్రయోగించి పిల్లలను పొందెను. మన దేశమున ఆ దశాబ్దములోనే పంజాబులో హమీద్ ఖాన్ క్షీరజంతువుల పీయూషగ్రంథిని మ్రిగాలచేపపై ప్రయోగించి చూచెను. అది త్రోవ చూపినదే గాని, సాగుచేయువారికి అక్కరకు వచ్చు పద్ధతిగా నిలువలేదు.

ఆ కార్యము నెఱవేర్చినవాడు హీరాలాల్ చౌధురి. ఆయన వంగదేశీయుడు. ఒడిశాలోని కటకమున కేంద్రప్రభుత్వపు మత్స్యపరిశోధన శాఖలో పనిచేయుచు, 1955లో ఒక చిన్నచేపచేత గ్రుడ్లు విడిపించెను. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ చేపలక్షేత్రమున, ఆయనయు అలికున్హియు కలిసి పీయూషగ్రంథి రసముతో రేబా యను చేపను నిలువనీటిలోనే ఈనించిరి. వెంటనే మ్రిగాల, రోహులును ఫలించెను. ఆ దినమును స్మరించుచు మన దేశమున ఏటేట జూలై 10ని జాతీయ మత్స్యరైతు దినముగా జరుపుచున్నారు.

పద్ధతి మిక్కిలి సులభము. పక్వమైన చేప తలనుండి పీయూషగ్రంథిని తీసి సారాయి సత్త్వములో నిలువచేయుదురు. కావలసినప్పుడు దానిని నూఱి, శుద్ధజలములో కలిపి, తేటను సూదితో ఎక్కించుదురు. ఆడుచేపకు కిలో బరువునకు రెండు మూడు మిల్లీగ్రాముల గ్రంథి మొదట. ఆఱుగంటల పిమ్మట అయిదు మొదలు ఎనిమిది మిల్లీగ్రాములు. మగచేపకు అప్పుడొక్కసారియే రెండు మూడు మిల్లీగ్రాములు. వానిని గుడ్డతో కట్టిన తొట్టిలో విడువగా, మూడు మొదలు ఆఱు గంటలలో గ్రుడ్లు విడుచును. పదునైదు ఇరువది గంటలలో పిల్లలగును. ఒక కిలో బరువు గల రోహు రెండు లక్షలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. తరువాతి కాలమున గ్రంథికి బదులు కృత్రిమ ఔషధములు వచ్చినవి. మెదడులో డోపమిన్ అను పదార్థము పీయూషగ్రంథిని ఆపుచున్నదని కెనడాలో పీటర్, చైనాలో లిన్ హావోరాన్ తెలిసికొనిరి. ఆ అడ్డును తొలగించు మందును, గ్రంథిని మేల్కొలుపు మందును కలిపి ఒక్క సూదితోనే పని జరుగునట్లు 1980ల దశాబ్దములో ఏర్పరచిరి.

అయితే ఒక్క నియమము. సూది ఎంత మంచిదైనను, బక్కచేపచేత గ్రుడ్లు పెట్టింపలేదు. వేసవియంతయు తల్లిచేపలకు తవుడు, వేరుశెనగ చెక్క పెట్టి పోషించినవానికే వానకాలమున సూది ఫలించును. దూతయు ద్రవ్యమును రెండును కావలెను. ఇదియే ఈ చరిత్రసారము.

దీనివలన కలిగిన లాభము చూడుడు. నదినుండి కొట్టుకొనివచ్చు పిల్లలకై కాచుకొనవలసిన అగత్యము తీరెను. జాతి తెలిసిన పిల్లలను ఏ చెరువునకైనను కొనిపోవచ్చును. ఆంధ్రదేశమున కొల్లేటి ప్రాంతపు చేపలసాగు ఈ విత్తనముమీదనే పెరిగెను. తెలంగాణ ప్రభుత్వము 2016వ సంవత్సరము మొదలు చెరువులలో చేపపిల్లలను ఉచితముగా విడిచిన పథకమునకును ఆధారమిదియే. కోట్‌పల్లిలోగాని, మఱే చెరువులోగాని బెస్తల వలలో పడు రోహు తాత ముత్తాతలలో ఎవరికో ఒక్కరికి అంగుల్‌లో నేర్చిన ఆ సూది తగిలియుండును. తిను చేపకు కాదు, దాని తల్లికి. ఈ భేదము మఱువకూడదు.

ఇక నా తప్పు విషయము. నిజమును భాగములుగా విడదీసి చెప్పెదను.

మొదటిది. కోళ్లకు హార్మోనులు ఎన్నడును ఈయలేదనుట అసత్యము. అమెరికాలో 1940ల చివర స్టిల్‌బెస్ట్రాల్ అను కృత్రిమ స్త్రీరసమును కోడి మెడచర్మము క్రింద మాత్రగా నాటి కొవ్వు పట్టించెడివారు. అది హానికరమని తెలిసి 1959లో కోళ్లకు నిషేధించిరి. లోకములో వ్యాపించిన వదంతికి మూలము కొంత ఇచ్చటనున్నది.

రెండవది. నేటి ఫారంకోడి వేగముగా పెరుగుట హార్మోనువలన కాదు. రోవన్ పనిచేసిన ఆ అల్బర్టా విశ్వవిద్యాలయముననే 2014లో ఒక పరీక్షఫలితమును ప్రకటించిరి. 1957నాటి జాతిని, 1978నాటి జాతిని మార్పులేక కాపాడియుంచి, వానిని 2005నాటి జాతితోపాటు ఒకే మేతతో పెంచిరి. ఏబదియాఱు దినములకు మొదటిది 905 గ్రాములు, రెండవది 1,808 గ్రాములు, మూడవది 4,202 గ్రాములు తూగెను. మేత ఒక్కటే, భేదము జాతిలోనిది. మంచి విత్తనము ఏరినట్లు తరతరములుగా వేగముగా పెరుగు కోళ్లను ఏరి జతపరచుటచే వచ్చిన ఫలమిది. పెరుగుదల రసము మాంసకృత్తు జాతిది. మేతలో పెట్టినచో పప్పువలె జీర్ణమైపోవును. వేలకొలది కోళ్లకు మాటిమాటికి సూది వేయుట ఎవనికిని గిట్టదు. మనము చూచు చుక్కలు, సూదులు కొక్కెర తెగులు మొదలైన రోగములకు వేయు టీకాలు.

మూడవది. చేపలలో తిలాపియా యను జాతికి, పిల్లదశలో మూడు నాలుగు వారములు మేతలో పురుషరసమును కలిపి అన్నిటిని మగవిగా చేయు పద్ధతి కలదు. మగవి త్వరగా పెరుగును, చెరువు పిల్లలతో నిండిపోదు. ఆ చేప తినుటకు వచ్చుసరికి నెలలు గడచును. మందు దేహమునుండి ఎన్నడో పోయియుండును. అయినను ఇది దాచవలసిన సంగతి కాదు, అడిగి తెలిసికొనదగినది.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది. భయపడవలసినది వేఱొకటి కలదు. ఆరియోమైసిన్ పిప్పితో మొదలైన ఆ యలవాటుచే రోగకారక సూక్ష్మజీవులు మందులకు లొంగకుండుట నేర్చుకొనుచున్నవి. రేపు మన మనుమనికి జ్వరము వచ్చినప్పుడు అదే మందు పనిచేయకపోవచ్చును. అందుచేత ఐరోపా సంఘము పెరుగుదలకై మేతలో రోగనాశక ఔషధములు కలుపుటను 2006 ఆరంభమునుండి నిషేధించెను. మనుష్యులకు కడపటి ఆధారముగా వాడు కొలిస్టిన్ అను మందును కోళ్లకు, చేపలకు, మేతలకు వాడరాదని భారతప్రభుత్వము 2019లో ఆజ్ఞాపించెను. నేను లేని హార్మోనును చూపి ఉన్న అపాయమును కప్పిపుచ్చితిని. ఒక అబద్ధపు భయము నిజమైన జాగ్రత్తకు చేయు హాని ఇట్టిది.

ఆడుపిల్లలు ముందుగా ఈడేరుటకు కోడికూరను నిందించితిని. వెనుకటికంటె పుష్టియైన ఆహారము, దేహపు బరువు పెరుగుట అందుకు ముఖ్యకారణములలోనివని వైద్యులు చెప్పుచున్నారు. ఇచ్చటను దూతకు ద్రవ్యమే బలమిచ్చుచున్నది.

కావున పెద్దలారా, కోళ్లు పెంచువానిని మీరు అడుగదగిన ప్రశ్న 'హార్మోను వేసితివా' యనునది కాదు. 'మేతలో రోగమందు కలిపితివా? రోగము వచ్చినప్పుడు పశువైద్యుడు చెప్పినంతయే యిచ్చితివా? మందు ఇచ్చిన పిమ్మట ఎన్ని దినములు ఆగి అమ్మితివి?' అని అడుగుడు. నిజాయితీగా పెంచువాడు సంతోషముగా చెప్పును.

నా శిష్యుడు ఇప్పుడు వేఱొక వృత్తిలో నున్నాడు. క్రిందటేడు అతని యింటికి పోయి, నేను చదివినదంతయు చెప్పి, తప్పు నాదని ఒప్పుకొంటిని. అతడు వినుచు కూర్చుండి, కడపట, "నాకు చెప్పిండ్రు సరే సారూ, ఊరికి గూడ చెప్పుండ్రి" అనెను. ఊరంతయు వినునట్లు చెప్పుటకు నాకు రేడియోకంటె మంచి రచ్చకట్ట దొరకలేదు. అందుకే నేడు చెప్పితిని.